ఛార్జరు చివర్న కొనండి

సంపాదకుడికి,

కొత్త వాణిజ్య భవనాల సెల్లార్లలోకి దిగితే ఈ మధ్య తరచూ ఒకే దృశ్యం కనిపిస్తోంది. నాలుగైదు స్లాట్లకు పచ్చరంగు, నేల మీద ప్లగ్గు బొమ్మ, స్తంభానికి ‘ఈవీ ఓన్లీ’ (ఎలక్ట్రిక్ వాహనాలకు మాత్రమే) బోర్డు, గోడకు ఒక పెట్టె. ఆ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది, లేదా ‘పనిచేయడం లేదు’ అని చేత్తో రాసిన కాగితం అంటించి ఉంటుంది. జనం పెట్టెను తిడతారు. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు. దాని వెనకున్న తీగది, కింది ఎర్తింగ్‌ది, అంతకన్నా ముందు ఎవరూ వేయని లోడు లెక్కది.

షాపింగ్ కాంప్లెక్సులు, ఆఫీసు భవనాలు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల యజమానులు ఈ పనిని క్యాటలాగ్ తిరగేయడంతో మొదలుపెడుతున్నారు. ఏ కంపెనీ ఛార్జరు, ఎన్ని కిలోవాట్లు, ఎంత ధర అన్నది మొదటి ప్రశ్న అవుతోంది. నిజానికి అది ఆఖరి ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో నమూనా భవన నిబంధనలను సవరించి, పార్కింగ్‌లో 20 శాతం చోటుకు ఛార్జింగ్ వసతి ఉండాలని చెప్పింది. వంద కార్లు పట్టే భవనం అనుకుందాం. 20 స్లాట్లు, ఒక్కోదానికి 7.4 కిలోవాట్ల ఛార్జరు, మొత్తం 148 కిలోవాట్లు. ఈ అంకె చూసి కొందరు బిల్డర్లు భయపడి రంగు వేసి ఊరుకుంటారు. కొందరు నిజంగానే అంత లోడుకు దరఖాస్తు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్ చేతికొచ్చాక మానేస్తారు. ఇద్దరూ పొరపడినట్టే.

ఆఫీసుకు వచ్చే కారు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుందనుకుంటే, యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్ల లెక్కన దానికి కావలసింది 6 యూనిట్లు. ఇరవై కార్లకు 120 యూనిట్లు. అవి అక్కడ ఉండేది ఎనిమిది గంటలు. అంటే సగటున 15 కిలోవాట్లు చాలు. 148కీ 15కీ మధ్య ఉన్న ఆ తేడాలోనే మొత్తం ప్లానింగ్ ఉంది.

ఆ భవనానికి 315 కేవీఏ (ఇక్కడికి దాదాపు కిలోవాట్ అనుకోండి) ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఎయిర్ కండిషనర్లన్నీ నడిచే మే నెల మధ్యాహ్నం 230 కేవీఏ దాకా లాగుతోంది అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్‌ను 85 శాతం దాటనీయకూడదనుకుంటే 268 దాకా వెళ్లవచ్చు. చేతిలో మిగిలింది 38. ఇరవై ఛార్జర్లూ ఒకేసారి పూర్తి కరెంటు అడిగితే చాలదు. కానీ వాటికి లోడ్ మేనేజ్‌మెంట్ ఉంటే, అంటే భవనానికి కరెంటు వచ్చే మెయిన్ ఇన్‌కమర్ మీద కరెంటు కొలిచే సీటీలు పెట్టి మిగిలిన లోడును చూసుకుంటూ ఛార్జర్లకు కరెంటు పంచే ఏర్పాటు ఉంటే, కథ మారిపోతుంది. ఏసీ (మామూలు లైను కరెంటు) ఛార్జింగ్ ప్రమాణాల ప్రకారం కారుకు ఇవ్వగలిగిన కనీస కరెంటు 6 ఆంపియర్లు, అంటే దాదాపు 1.4 కిలోవాట్లు. ఇరవై కార్లూ కనీసం మీదే నడిచినా 28 కిలోవాట్లు. ఎనిమిది గంటల్లో ఒక్కో కారుకు 11 యూనిట్లు పడతాయి. కావలసింది ఆరే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేకుండానే ఇరవై స్లాట్లూ నడుస్తాయి.

అందుకని మొదట చేయాల్సిన పని, మెయిన్ ప్యానెల్‌కు లోడ్ లాగర్ తగిలించి కనీసం వారం రోజులు రికార్డు చేయడం. వీలైతే ఎండాకాలంలో చేయాలి. డిసెంబరులో కొలిచి మే నెలకు ప్లాన్ వేస్తే మెయిన్ బ్రేకర్ పడిపోయే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. లోడ్ మేనేజ్‌మెంట్ కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ఇంటర్నెట్ పోతే ఏమవుతుంది? లెక్కలన్నీ ఎక్కడో సర్వర్‌లో జరిగే వ్యవస్థ అయితే, నెట్ పోయినప్పుడు ఛార్జర్లు ఆగిపోవచ్చు, లేదా పూర్తి కరెంటుకు వెళ్లిపోవచ్చు. భవనంలోనే చిన్న కంట్రోలర్ ఉండి, సంబంధం తెగిన వెంటనే సురక్షితమైన తక్కువ కరెంటుకు దిగేలా ఉండాలి.

ఛార్జరు సామర్థ్యం గురించి ఇంకో అపోహ. 22 కిలోవాట్ల ఏసీ ఛార్జరు పెడితే కారు మూడు రెట్లు వేగంగా ఎక్కుతుందని చాలామంది నమ్మకం. ఏసీలో ఛార్జింగ్ వేగాన్ని నిర్ణయించేది గోడ మీది పెట్టె కాదు, ఏసీని బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే, కారులోనే ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జరు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే నెక్సాన్, టియాగో, విండ్సర్ లాంటి కార్లలో అది 7 కిలోవాట్ల చుట్టూ ఉంటుంది, కొన్ని వేరియంట్లలో 3.3 మాత్రమే. అవి 22 కిలోవాట్ల పెట్టె నుంచి కూడా తమకు తగ్గదే తీసుకుంటాయి. మూడు ఫేజుల కేబులు, పెద్ద బ్రేకరు ఖర్చంతా వృథా. ఆ డబ్బుతో 7.4 పాయింట్లు ఇంకో రెండు వస్తాయి.

ఎంత వేగం కావాలన్నది బండి అక్కడ ఎంతసేపు నిలబడుతుందన్న దాన్నిబట్టి తేలాలి. లాడ్జిలో రాత్రంతా ఉండే కారుకు 3.3 కిలోవాట్లతోనే తెల్లారేసరికి 30 యూనిట్లు ఎక్కుతాయి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద హోటల్‌లో భోజనానికి ఆగే కారుకు ఉండేది ముప్పై నలభై నిమిషాలు. అక్కడ సీసీఎస్2 గన్నుతో (కార్ల డీసీ ప్లగ్గుతో) బ్యాటరీకి నేరుగా కరెంటు ఇచ్చే 60 కిలోవాట్ల డీసీ ఛార్జరే పనికొస్తుంది. మామూలు ధరల కార్లలో చాలావాటికి 60 దాటి తీసుకునే శక్తి లేదు కనుక, ఒకే 120 కిలోవాట్ల యంత్రానికి రెండు గన్నులు ఉండి కరెంటును పంచుకునేది మేలు. మాల్ అయితే మధ్యరకం. ఇక ఏ భవనానికైనా వచ్చేవాటిలో స్కూటర్లే ఎక్కువ, ప్లాన్లలో వాటికే చోటు ఉండదు. స్కూటర్ల పోర్టబుల్ ఛార్జర్లలో చాలావరకు కిలోవాట్ కూడా లాగవు. పదహారు ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్లు, ఒక్కోదానికి ఓవర్‌లోడు, లీకేజీ వస్తే కరెంటు ఆపే సొంత ఆర్‌సీబీఓ, సబ్‌మీటరు, ఇంతే కావాలి. అది లేకపోతే సెక్యూరిటీ గది ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వస్తుంది, దాని నుంచి ఇంకో బాక్సు వస్తుంది. సెల్లార్లలో అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఛార్జింగ్‌కు ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలనీ, బండి ఛార్జింగ్ పాయింట్‌కు 5 మీటర్ల లోపు ఆగేలా చూడాలనీ కూడా అందులోనే ఉంది.

ఆ అయిదు మీటర్లు కాగితం మీద ఎక్కువగా అనిపిస్తాయి. కొన్ని కార్లకు ఛార్జింగ్ మూత ముక్కు దగ్గర ఉంటుంది, కొన్నిటికి ముందు చక్రం పైన, కొన్నిటికి వెనక పక్కన. స్లాటు తల దగ్గర గోడకు బిగించిన గన్ను వెనక మూత ఉన్న కారును అందుకోవాలంటే డ్రైవరు రివర్సులో పెట్టాలి. రెండు స్లాట్ల మధ్య గీత మీద పెట్టె ఉంటే రెండువైపుల కార్లకూ అందుతుంది. ముందు ఇనుప స్తంభమో వీల్ స్టాపరో లేకపోతే మొదటి నెలలోనే ఎవరో ఒకరు పెట్టెను గుద్దుతారు.

ఇక విద్యుత్ కనెక్షన్ సంగతి. ఛార్జింగ్ కోసం వేరే కనెక్షన్ అడిగే హక్కు వినియోగదారుకు ఉందని 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల సవరణ తేల్చింది. మామూలుగా కొత్త కనెక్షన్‌కు గడువు మెట్రోల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15. లైను పొడిగించాల్సి వచ్చినా, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సి వచ్చినా ఆ గడువులు వర్తించవు. 2024 సెప్టెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు పబ్లిక్ ఛార్జింగ్‌కు పగలు 9 నుంచి 4 వరకు సరఫరా ధర సగటులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ఉండాలన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో బిల్లు మాత్రం విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వు ప్రకారమే వస్తుంది, దరఖాస్తుకు ముందు ఆ ఏడాది ఉత్తర్వు తిరగేయడం మంచిది. ఛార్జింగ్‌కు ప్రత్యేక కేటగిరీ ఉండగా, తెలియకో బద్ధకించో దాన్ని భవనం కమర్షియల్ మీటర్‌లోనే కలిపేసుకుని ఎక్కువ ధర కడుతున్నవాళ్లు చాలామంది.

హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు తీసుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. డిమాండ్ ఛార్జీ ఉన్న టారిఫ్‌లో అది మామూలుగా, రికార్డయిన గరిష్ఠ డిమాండ్‌కో (లాగిన అత్యధిక లోడుకో) ఒప్పంద డిమాండ్‌లో (ముందే రాయించుకున్న లోడులో) 80 శాతానికో ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. మూడు 120 కిలోవాట్ల యంత్రాలకు సరిపడా డిమాండ్ రాయించుకుని రోజుకు పది కార్లు వస్తే, యూనిట్ల ఖర్చు కన్నా ఈ కిరాయే ఎక్కువ కావచ్చు. డిమాండ్‌ను మెట్లుమెట్లుగా పెంచుకోవాలి. కేబులూ ప్యానెలూ మాత్రం మొదటే పెద్దవి వేసుకోవాలి.

స్థలం మనది, యంత్రం ఆపరేటరుది (ఛార్జింగ్ నడిపే కంపెనీది) అనే పద్ధతిలో మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి. యజమాని పేరున ఉండి, ఆపరేటరు ఏడాదికి యంత్రం విప్పుకుపోతే, నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ యజమాని నెత్తిన పడుతుంది. కేబులు, ప్యానెల్, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరికి మిగులుతాయో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. కొటేషన్లో జీఎస్టీ కూడా విడివిడిగా ఉండాలి. ఛార్జరుకు 5 శాతం, కేబులుకూ ప్యానెల్‌కూ 18. అన్నీ కలిపి ఒకే మొత్తంగా రాసిన కొటేషన్‌తో పోలిక చేయడం కుదరదు.

ఇక అసలైన చోటు, కేబులు. ఛార్జరు లోడు గీజరు లోడు లాంటిది కాదు. గీజరు పావుగంటకు ఆగుతుంది. ఇది 32 ఆంపియర్లు అయిదారు గంటలు ఆగకుండా లాగుతుంది. ప్యానెల్ నుంచి స్లాటుకు 60 మీటర్ల దూరం, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారనుకుందాం. వేడెక్కాక రానూపోనూ కలిపి 14 వోల్టుల దాకా తీగలోనే పోతాయి. ఆరు శాతం. అదే 10 వేస్తే ఎనిమిదిన్నర వోల్టులు, 16 వేస్తే అయిదుకు కాస్త పైన. 60 మీటర్లకు 16 వేయించడమే నయం. ఆంపియర్ పట్టిక చూసి ‘6 చాలు’ అని చెప్పే మేస్త్రి అబద్ధం చెప్పడం లేదు, ఆయన దూరం చూడలేదంతే.

మూడున్నర కోర్ కేబులు గురించి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఫీడరు అనగానే మూడున్నర కోర్ అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు తెచ్చేస్తారు. అందులో ఫేజులకు మూడు కోర్లు (తీగలు) ఉంటాయి, కరెంటు వెనక్కి వెళ్లే న్యూట్రల్ మాత్రం వాటిలో సగం మందమే ఉంటుంది. మోటార్లకు అది సరిపోతుంది, మూడు ఫేజులూ సమానంగా లాగుతాయి కాబట్టి. ఇక్కడ ఉన్నవన్నీ సింగిల్ ఫేజు ఛార్జర్లు. మూడు ఫేజులను ఆర్, వై, బీ అంటారు. ఆర్ ఫేజు మీద మూడు కార్లు, వై, బీ ఖాళీ అయితే, ఆర్‌లో వెళ్లే 96 ఆంపియర్లూ ఆ సన్నని న్యూట్రల్‌లోంచే వెనక్కి రావాలి. అది వేడెక్కుతుంది, లగ్గు (తీగ చివరి లోహపు టోపీ) దగ్గర వదులవుతుంది, చివరకు తెగుతుంది. న్యూట్రల్ తెగిన క్షణంలో తక్కువ లోడున్న ఫేజు మీది పరికరాలకు 230 బదులు 400 దగ్గర్లో వోల్టేజీ వెళ్తుంది. ఒకేసారి మూడు ఛార్జర్లు కాలిపోయాయంటే చాలావరకు ఇదే కారణం. నాలుగు కోర్లూ సమానంగా ఉన్న కేబులే వేయండి. స్లాట్లను ఆర్, వై, బీ, మళ్లీ ఆర్, వై, బీ అని వరసగా పంచండి. ఒక మూల ఆరు స్లాట్లనూ ఒకే ఫేజుకు కలపకండి.

అల్యూమినియం కేబులును ప్యానెల్లోని రాగి బస్‌బార్‌కు (కరెంటు పంచే పట్టీకి) కలిపేచోట రెండు లోహాలతో చేసిన బైమెటల్ లగ్గు ఉండాలి. లగ్గును సుత్తితో కొట్టి బిగించడం ఇంకా చూస్తున్నాం. క్రింపింగ్ టూలు, టార్క్ రెంచి లేని కాంట్రాక్టరుకు ఈ పని ఇవ్వకండి.

ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్) విషయంలో జరిగే తప్పు కంటికి కనిపించదు. ప్రతి పాయింట్‌కు 30 మిల్లీఆంపియర్ల రక్షణ ఉండాలి, అది కనీసం టైప్ ఏ అయి ఉండాలి. మార్కెట్లో చవగ్గా దొరికేది టైప్ ఏసీ. కారులోని ఛార్జరు నుంచి కొద్దిగా డీసీ లీకేజీ వచ్చిందంటే టైప్ ఏసీ పరికరం లోపలి కోరు బిగుసుకుపోయి, మనిషికి షాక్ తగిలినా పడదు, అంటే కరెంటు ఆపదు. కారు లేనప్పుడు టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం చక్కగా పడుతుంది, అందుకే ‘బాగానే ఉంది’ అనుకుంటారు. డబ్బా మీద బొమ్మ చూడండి. ఒక్క అల గీత ఉంటే టైప్ ఏసీ. దాని కింద తెగిన గుట్టల్లాంటి గీత కూడా ఉంటే టైప్ ఏ. ఛార్జరులోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీ పట్టే ఏర్పాటు ఉంటే టైప్ ఏ చాలు, లేకపోతే టైప్ బీ కావాలి. ఆ మాట ఛార్జరు డేటాషీట్‌లో రాసి ఉంటుంది, సేల్స్‌మన్ మాట మీద నమ్మనవసరం లేదు.

ఎర్తింగ్ దగ్గరకు వస్తే, హైదరాబాద్ చుట్టూ ఉన్న రాతి నేల పెద్ద ఇబ్బంది. ఆగస్టులో బిగించిన ఛార్జరు బాగా నడుస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి నేల ఎండి ఎర్త్ నిరోధం పెరుగుతుంది, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ లేస్తుంది, ఛార్జరు ‘ఎర్త్ ఫాల్ట్’ అని చూపించి కారును ఛార్జ్ చేయనంటుంది. కంపెనీ ఇంజినీరు వచ్చి బోర్డు మారుస్తాడు, మళ్లీ అదే. బోర్డు మార్చే ముందు మల్టీమీటరుతో న్యూట్రల్–ఎర్తు కొలవండి. రెండు మూడు వోల్టులు దాటితే జబ్బు బయటుంది. మూడు మీటర్ల రాడ్లు రెండు, వాటి మధ్య కనీసం ఆరు మీటర్ల ఎడం, రెంటినీ స్ట్రిప్పుతో కలపడం, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి, ఎండాకాలంలో నీళ్లు. ఎడం తగ్గిస్తే రెండో రాడ్డు వేసిన ఫలితం సగం పోతుంది. కొందరు ‘ఎర్రర్ రాకుండా’ ఎర్తునూ న్యూట్రల్‌నూ ఛార్జరు దగ్గర కలిపేస్తున్నారు. ఎర్రర్ నిజంగానే పోతుంది. న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకి కరెంటు వస్తుంది.

సెల్లార్ గురించి ఆలోచించకుండా చోటు ఖరారు చేయకండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ గ్రౌండ్ ఫ్లోర్లు ఎలా మునిగాయో అందరం చూశాం. డిస్ట్రిబ్యూషన్ ప్యానెల్ సెల్లార్ నేల మీద కాకుండా పై అంతస్తులో ఉండాలి. అది కుదరకపోతే, నీళ్లు చేరితే అక్కడి సరఫరా ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు రేగి, పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది చనిపోయారు. మెట్ల దారి పక్కన, లిఫ్టు ముందు, ర్యాంపు నోటి దగ్గర ఛార్జింగ్ స్లాట్లు పెట్టకూడదని చెప్పడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు. ర్యాంపు పైన, మనిషి సెల్లార్‌లోకి దిగకుండానే నొక్కగలిగేచోట, ఛార్జర్లన్నిటినీ ఆపే ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. లిథియం బ్యాటరీ మంటకు చాలా నీళ్లు కావాలి కనుక హైడ్రెంట్ గొట్టం ఆ మూలకు అందాలి.

ఎవరూ ముందుగా ఆలోచించని సంగతి, సిగ్నల్. రెండో సెల్లార్‌లో ఛార్జరు సిమ్‌కు నెట్‌వర్క్ అందదు, కస్టమరు ఫోనుకూ అందదు. యాప్ తెరుచుకోదు, యూపీఐ పోదు, ఛార్జింగ్ మొదలవదు. కేబులుతో పాటే లాన్ తీగ లాగండి, ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు పద్ధతీ ఉంచుకోండి.

వేడి ఇంకో సమస్య. ఎంసీబీల (లోడు మించితే పడిపోయే చిన్న బ్రేకర్ల) రేటింగ్ 30 డిగ్రీలకు చెప్పింది. విజయవాడ మేలో మూసిన డీబీ (బ్రేకర్లుండే పెట్టె) లోపల 50 దాటుతుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ 32 లాగే ఛార్జరుకు పెడితే మధ్యాహ్నం రెండింటికి పడిపోతుంది, సాయంత్రం మామూలుగా ఉంటుంది. 40 పెట్టండి, పక్కపక్కనే ఇరికించకుండా సందు వదలండి. పెంచిన ఎంసీబీకి తగిన మందం కేబులుకు ఉందో లేదో కూడా చూసుకోవాలి. అరవై కిలోవాట్ల డీసీ యంత్రం 95 శాతం సామర్థ్యంతో నడిచినా మూడు కిలోవాట్ల వేడిని బయటికి వదులుతుంది. దాన్ని గూట్లో పెట్టి మూసేస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫిల్టరు దుమ్ము పట్టినా అంతే.

జనరేటరు ప్యానెల్‌కు ఛార్జర్లు కలపకండి. కరెంటు పోయి జనరేటరు అందుకున్న క్షణంలో లిఫ్టులూ పంపులూ కార్లూ ఒకేసారి మీద పడితే జనరేటరు ఆగిపోతుంది. పైగా డీజిలు కాల్చి కారు ఛార్జ్ చేయడంలో అర్థం లేదు.

ఆఖరుగా స్లాబు. కొత్త వాణిజ్య భవనాల్లో పోస్ట్ టెన్షన్ స్లాబులు ఎక్కువ. లోపల బిగించిన స్టీలు కేబుళ్లు ఉంటాయి. కరెంటు కేబుళ్ల ట్రే వేలాడదీయడానికి పై స్లాబుకు డ్రిల్లు పెట్టి ఒక్క స్టీలు కేబులు తెగ్గొడితే నష్టం ఛార్జరు ధరకు ఎన్నో రెట్లు. స్ట్రక్చరల్ డ్రాయింగులు చూడకుండా, స్కానింగ్ చేయించకుండా డ్రిల్లు ముట్టుకోనివ్వకండి. కట్టేటప్పుడే స్లీవులు, ఇన్సర్టులు వదిలి ఉంటే ఈ బాధే లేదు. అప్పుడు అయ్యే ఖర్చు పీవీసీ గొట్టాల ఖర్చే.

పని పూర్తయ్యాక అప్పగించుకునే రోజు నిజమైన కారును తగిలించి రెండు గంటలు పూర్తి లోడు మీద నడపండి. తర్వాత ప్యానెల్ తలుపు తీసి థర్మల్ కెమెరాతో ప్రతి లగ్గునూ చూడండి. పక్క లగ్గుల కన్నా ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అది అప్పుడే బిగించాలి. హెచ్‌టీ అయితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి ఎలాగూ కావాలి. ఎల్‌టీ (లో టెన్షన్) సర్వీసులో ఎవరూ అడగరు, అందుకే ఎల్‌టీలోనే తప్పులెక్కువ.

ఇక్కడే మున్సిపల్ అధికారులకు ఒక విన్నపం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పచ్చరంగు ఫొటోతో సరిపెట్టుకోవద్దు. మెయిన్ ప్యానెల్ తలుపు తీయించి ఛార్జింగ్ ఫీడరుకు ఖాళీ బ్రేకరు చోటు ఉందా, అక్కడి నుంచి స్లాట్ల దాకా ట్రే పడిందా, కోర్ల సంఖ్యతో సహా కేబులు వివరం డ్రాయింగ్‌లో ఉందా, ఎర్త్ రాడ్ల కొలత కాగితం ఉందా అని చూడమనండి. పది నిమిషాల పని అది. మొదటి రోజు ఒక్క ఛార్జరూ బిగించకపోయినా ఆ భవనం సిద్ధంగా ఉన్నట్టే లెక్క. అద్దెకు వచ్చినవాళ్లు అడిగిన రోజు పెట్టె తెచ్చి తగిలించడానికి ఒక పూట చాలు.

— విద్యుత్ పనుల కన్సల్టెంట్లు, హైదరాబాద్